‘బాగుంది’ అని రాసిచ్చిన చీటీ

మా నాయన నంద్యాలలో మిషన్ బడి పంతులు. మా వీధిలో సగం మందికి ఆయనే అక్షరాలు దిద్దించాడు. ఆయన కొడుకుగా పుట్టిన నేను చేసిన మొదటి ఉద్యోగం పిల్లల మూత్రం కాచడం. చదివినవాటిలో నాకు ఏదీ పెద్దగా అబ్బలేదు, మూత్రం మాత్రం అబ్బింది. ఆదివారం ఆరాధన అయ్యాక బయట ఎవరైనా “మీవాడేం చేస్తాండాడు పంతులూ?” అని అడిగితే, నాయన “పరిశోధనలో ఉండాడు” అని, రెండో ప్రశ్న రాకముందే గొడుగు తెరిచేవాడు, ఎండ ఉన్నా లేకపోయినా.

పరిశోధన మాట అబద్ధం కాదు. డెబ్బైల చివరి రోజులవి. నేను ల్యాబు పని చేసే ఆస్పత్రికి పిల్లల డాక్టరొకరు బదిలీ మీద వచ్చారు. ముఖం ఉబ్బి, కడుపు నీరుపట్టి, కళ్లు తెరవలేని పిల్లలను పల్లెల నుంచి తెస్తుంటే ఆయనకు ఊపిరాడేది కాదు. వీళ్లంతా ఇంత ఆలస్యంగా ఎందుకొస్తున్నారు, ఉబ్బు రాకముందే కిడ్నీ జబ్బును పట్టుకోలేమా అన్నది ఆయన ప్రశ్న. ఉచ్చ పోసేటప్పుడు మంటా, మాటిమాటికీ చలిజ్వరమూ వచ్చే ఆడపిల్లల గురించి కూడా ఆయనకు దిగులు. బడిలో వాళ్లకు మరుగు లేదు. అందుకని పొద్దున్నించి సాయంత్రం దాకా గుక్కెడు నీళ్లు తాగరు, వచ్చినా బిగబట్టుకుంటారు. “జబ్బు సగం అక్కడే పుడుతోంది” అనేవారు. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా పల్లె బళ్లలో పిల్లల మూత్రం పరీక్ష చేసి పుస్తకంలో ఎక్కించే పని నాకు అప్పగించారు.

పని తేలికే. గాజు గొట్టంలో మూడొంతులు పోసి, పైభాగాన్ని స్పిరిటు దీపం మీద కాచాలి. తెల్లటి మబ్బు కడితే రెండు మూడు చుక్కల యాసిడ్ వేయాలి. మబ్బు కరిగిపోతే భయం లేదు. కరగలేదంటే ఒంట్లో నిలవాల్సిన సత్తువ కిడ్నీలోంచి కారిపోతున్నట్టు. మబ్బు చిక్కదనాన్ని బట్టి ఒకటి నుంచి నాలుగు ప్లస్సులు, ఏమీ లేకపోతే నిల్. కాచకముందు ఇంకో పని ఉండేది. ఒక గాజు బుడ్డిని మూత్రంలో తేలేసి, అది ఎంత చిక్కగా ఉందో దాని మీది గీతలు చూసి రాయాలి. ఆ బుడ్డి వేలెడంత ఉంటుంది, చూపు పడితే పగులుతుంది. అప్పటికే నా చేతిలో ఒకటి పగిలింది. ఇంకోటి పగిలితే డాక్టరు ముఖం చూడలేనని దాన్ని గుడ్డలో చుట్టి సంచి అడుగున పడుకోబెట్టాను. పుస్తకంలో ఆ గడి ఖాళీగా ఉంటే బాగుండదు కాబట్టి అందరు పిల్లలకూ ఒకే మర్యాదైన అంకె వేసేవాణ్ణి. ఉచ్చ పరీక్షలో నేను వేసుకున్న మొదటి ఉచ్చు అదే.

ఆళ్లగడ్డలో బస్సు దిగి గంట నడిస్తే వచ్చే ఒక ఊరుంది. ముందురోజు సాయంత్రం బడిలో సీసాలు పంచి, పొద్దున లేవగానే పోసింది పట్టి పంపమని చెప్పి వచ్చాను. మరునాడు వెళ్లేసరికి అయ్యవారి బల్ల మీద సీసాలన్నీ బారులు తీరి ఉన్నాయి. వేరే ఊళ్లలో సగం ఖాళీగా, మట్టి అంటుకొని వచ్చేవి. ఇక్కడ బూడిదతో తోమినట్టు మెరుస్తూ, ప్రతిదీ గొంతు దాకా నిండి ఉంది. ఏదీ పసుపుపచ్చగా కూడా లేదు. చకచకా కాచాను. అన్నీ నిల్. మధ్యాహ్నం బస్సు అందుకుని నంద్యాల చేరాను.

డాక్టరు పుస్తకం చూసి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

“ఒక్క పిల్లకైనా లేదా! చుట్టుపక్కల అన్ని ఊళ్లలో ఉండి ఇక్కడెందుకు లేదు? ఆ ఊరి నీళ్లలో ఏదో ఉందయ్యా.”

హైదరాబాదులో డాక్టర్ల సభలో చదవబోయే వ్యాసంలో ఈ ఊరి సంగతి ప్రత్యేకంగా రాస్తానన్నారు. నేను చక్కగా పని చేశానన్నారు. నన్ను అంతకుముందు ఎవరూ అలా పొగడలేదు. ఉబ్బిపోయాను.

వారం తర్వాత, ‘బాగుంది’ అని రాసిన చీటీలు పంచడానికి ఆ ఊరు వెళ్లాను. ఒక ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు. ఆడవాళ్లు చుట్టూ చేరారు.

“మా ఊరివి అన్నీ బాగుండాయంట గదప్పా!” అంది ఒక ముసలామె. “నిండుగా పంపిస్తిమా లేదా? సర్కారోళ్లు అడిగినంక సగం సీసా పంపిస్తే ఊరి పరువేం గావాల? నేనైతే కడవలోని నీళ్లు పోసి గొంతు దాంక నింపితి.”

“నువ్వొక్కదానివేనా, పెద్ద చెప్పొచ్చినావు. మేమంతా పోస్తిమి” అంది ఇంకొకామె.

డాక్టరు చెప్పిన మహత్యం నిజంగానే ఆ ఊరి నీళ్లలో ఉంది.

ఆ ఇంటి కోడలు మజ్జిగ చెంబు పట్టుకుని నిలబడి ఉంది. తన వంతు వచ్చినట్టు నవ్వుతూ అంది. “నేను నీళ్లు పొయ్యలేదప్పా. మా పాపది రవ్వంత వచ్చె, అదీ సబ్బునీళ్ల మాదిరి నురగ నురగ. అట్లాంటిది నలుగురు చూసేకాడికి పంపనీకి సిగ్గాయె. మా పిల్లోనిది తేటగా ఉండె. అది పంపిస్తి.”

ఇంటికొచ్చినవాళ్లకు సొట్టలేని చెంబు వెతికి ఇచ్చే మనుషులు వాళ్లు. అడిగినవాళ్లకు ఇంట్లో ఉన్నదాంట్లో మంచిది ఇచ్చారు. మోసమన్న ఊహే లేదు.

పాప గడప మీద కూర్చుని ఉంది, ఏడేళ్లుంటాయి. కంటిరెప్పలు కింద పైన ఉబ్బి, అప్పుడే ఏడ్చి లేచినట్టుంది. అది ఏడుపు కాదని నాకు తెలుసు. నురగంటే సత్తువ కారిపోతున్నట్టేనని తెలుసు. ఆ సంగతి తెలిసినందుకే నాకు జీతమిస్తున్నారు.

“ఇంకో సీసా తెస్తానక్కా, పాపది మళ్లీ చూద్దాం” అన్నాను.

“మళ్లీ ఎందుకప్పా? చీటీలో బాగుందని రాసిస్తివి గదా?”

“ఊరికే, ఒకసారి” అన్నాను. ఆమె చీటీని డబ్బాలో దాచుకుంది. నేను బస్సెక్కాను.

సీసా తీసుకుని వెళ్లాలంటే డాక్టరుకు చెప్పాలి. చెబితే నీళ్ల సంగతి చెప్పాలి. నీళ్లయితే గాజు బుడ్డి ఎందుకు పట్టివ్వలేదని అడుగుతారు. బుడ్డి తేలేస్తే నేను మునుగుతాను. రేపు చెబుదామనుకున్నాను. ఆయన హైదరాబాదు వెళ్లొచ్చాక చెబుదామనుకున్నాను. ఈలోగా వాళ్లే ఆస్పత్రికి వస్తారులే అనుకున్నాను, వాళ్ల చేతికి బాగుందని చీటీ ఇచ్చింది నేనే అయినా. అలా ఆరు వారాలు గడిచాయి. ఆదివారాలు ఆరాధనలో పాపాలు ఒప్పుకునే చోట నా గొంతు అందరికంటే గట్టిగా లేచేది. ఏ పాపమో చెప్పనక్కర్లేని ఒప్పుకోలు అది, నాకు బాగా కుదిరింది.

ఆరు వారాలకు ఆ తల్లి పాపను ఎద్దులబండిలో ఆళ్లగడ్డకు, అక్కణ్ణుంచి బస్సులో నంద్యాలకు తెచ్చింది. ముఖంలో కళ్లు గీతల్లా ఉన్నాయి. పొట్ట కుండలా ఉంది, ముట్టుకుంటే అరుస్తోంది, ఒళ్లు కాలిపోతోంది. నేను గొట్టం కాచాను. యాసిడ్ వేసేదాకా ఆగక్కర్లేకపోయింది. పెరుగులా గడ్డకట్టింది. నాలుగు ప్లస్సులు.

“ఇన్నాళ్లూ ఏం చేస్తున్నావమ్మా?” అన్నారు డాక్టరు.

ఆమె కొంగు ముడి విప్పి చీటీ తీసింది. “బాగుందని రాసిచ్చినారు గద సారూ. దినామూ పాపకు చెప్తాంటి, నీకేం లేదు, కాయితంలో ఉండాది అని.”

డాక్టరు చీటీ చూసి, పుస్తకం చూసి, నా వైపు చూశారు. నేను నోరు తెరిచేలోపు ఆమే చెప్పేసింది. “ఆ పొద్దు పంపింది పాపది కాదు సారూ, మా పిల్లోనిది.”

అంత కోపం ఆయనలో నేను ఎప్పుడూ చూడలేదు. వార్డంతా వినేలా తిట్టారు. పరీక్షంటే ఆటనుకున్నావా అన్నారు. నీ మోసం బిడ్డ ప్రాణం మీదికి తెచ్చిందన్నారు. ఆమె తలవంచుకుని, “అవును సారూ, నాదే తప్పు, నేనే మోసం చేస్తి” అని నిలబడింది. నేను ఆమె పక్కనే, వేడి గొట్టాన్ని పటకారుతో పట్టుకుని, దాన్ని చాలా శ్రద్ధగా చూస్తూ నిలబడ్డాను. నిల్ అని రాయడం అలవాటైన మనిషిని, నా నోటి నుంచి కూడా అదే వచ్చింది.

పాప బతికింది. వారాల తరబడి సూదులు, తర్వాత చిన్న తెల్ల మాత్రలు. పొట్ట తగ్గి, ముఖం తేరుకుని, పళ్లూడిన నవ్వు బయటపడ్డాక, నేను డాక్టరు గదికి వెళ్లి అంతా చెప్పాను. నీళ్లు, గాజు బుడ్డి, అరుగు మీద విన్నది. ఆయన ఆ ఊరి పేజీ మీద అడ్డంగా ఎర్రగీత గీశారు.

“నేను ఆ తల్లిని తిడుతుంటే నువ్వెక్కడున్నావు?”

“అక్కడే ఉన్నాను సార్.”

“ఆమెకు చెప్పావా?”

“చెబుతాను సార్.”

ఉద్యోగం తీసెయ్యలేదు. తీసేసుంటే తేలికయ్యేది.

ఆమెకు చెప్పడానికి మళ్లీ నెలలు పట్టింది. జబ్బు తిరగబెడుతుందేమో చూడడానికి నెలకోసారి పాపను తీసుకొచ్చేది. సీసాను కొంగులో చుట్టి తెచ్చి నా బల్ల మీద పెట్టి, “ఈసారి పాపదేనప్పా, నా కండ్ల ముందర పట్టిన, ఒట్టు” అనేది. నాకు ఒట్టు పెట్టేది! నేను తలూపి తీసుకునేవాణ్ణి. ఒకరోజు వరండాలో కూర్చున్న వేరే తల్లులకు ఆమె చెబుతుంటే విన్నాను. “నా మాదిరి చెయ్యొద్దమ్మా. నేను సిగ్గుకు పోయి మోసం చేస్తి, బిడ్డను చంపుకోబోతి.” పాప పక్కనే కూర్చుని, ఎన్నోసారో విన్న కథలా వింటోంది.

ఆమెను లోపలికి పిలిచాను.

“అక్కా, ఆ మాట ఇంక చెప్పొద్దు. తప్పు నీది కాదు.”

“ఎట్ల కాదు?”

చెప్పాను. ఆమె నిలబడే వింది.

“అరుగు మీద నేను చెప్తాంటే నీకు అర్థమాయెనా?”

“అయింది.”

“పాపను జూస్తివా?”

“చూసినా.”

“చూసి పోతివి.” ఆమె గొంతు పెరగలేదు. “సారు నన్ను అంతమందిలో తిడతాంటే నా పక్కనే ఉంటివి గదా. ఒక్క మాట అనకపోతివే.”

జవాబు లేనప్పుడు ఏదో ఒక మాట విరిచి నవ్వించడం నాకలవాటు. ఆరోజు అదీ రాలేదు.

ఆమె బల్ల మీది సీసాను తీసేసుకుంది. “ఇంక నీ చేతికియ్యను. ఆ కాంచేది నాకు నేర్పియ్యి.”

డాక్టరును అడిగితే, నేర్పమన్నారు. గొట్టాలు, దీపం, చిన్న యాసిడ్ సీసా ఆస్పత్రి నుంచే ఇప్పించారు. ఒక్క పూటలో నేర్చుకుంది. నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే, “ఈ మందుకు బదులు నిమ్మకాయ పిండితే కాదా?” వద్దన్నాను. ఎందుకని అడిగింది. సరిగ్గా చెప్పలేకపోయాను. నమ్మకం లేని చూపుతో సీసా సంచిలో పెట్టుకుంది.

ఎనభైలు వచ్చాయి. ఒక వానాకాలం ఆమె పాపను తీసుకుని నేరుగా డాక్టరు దగ్గరకు వెళ్లింది. పాప ముఖం మామూలుగానే ఉంది, కాళ్ల మీద నొక్కితే గుంట పడడం లేదు. “మూడు దినాలుగా మబ్బు కరగల్యా సారూ” అంది. ఉబ్బు రాకముందే జబ్బును పట్టుకోవాలని అన్నేళ్లుగా ఊళ్లు తిరిగిన డాక్టరు, ఆమెను కుర్చీలో కూర్చోమన్నారు. నన్ను పిలిచి, ఇంకోసారి చూడమన్నారు.

ఆమె సీసా నా చేతికివ్వలేదు. గొట్టంలోకి తానే పోసి ఇచ్చింది. దీపం మీద పెట్టిన దగ్గర్నుంచి దించేదాకా నా పక్కనే కన్నార్పకుండా నిలబడింది. యాసిడ్ చుక్కలు పడ్డాయి. మబ్బు నిలిచింది.

“ఎంత?” అంది.

“మూడు.”

“రెండే.”

డాక్టరు గొట్టాన్ని కిటికీ వెలుతురుకు పట్టి చూశారు.

“రెండే” అన్నారు.

పుస్తకంలో రెండు ప్లస్సులు వేశాను. ఆమెకు చదువు రాదు కానీ గీతలు లెక్కపెట్టడం వచ్చు. వంగి చూసి, రెండూ పడ్డాయని తేల్చుకుని, మాత్రల కోసం పాప చెయ్యి పట్టుకుని డాక్టరు గదిలోకి వెళ్లింది.