గుడ్లగూబలకు గూడుపెట్టెలు

కాలేజీలో వన్యప్రాణి సంరక్షణ చదివే పిల్లలు చాటుగా తమ టీచరును 'రంపం మేడమ్' అనేవారు. ఆవిడకు ఆ సంగతి తెలుసు. కోపం రాకపోగా లోలోపల మురిసిపోయేది.

ఆవిడ తరగతి కాలేజీ వెనకున్న రేకుల షెడ్డు. గోడకు రంపాలు, సుత్తులు, కొమ్మలు నరికే కత్తులు; నేలంతా చెక్కపొట్టు. చేరిన పిల్లలకు మొదట పదును పెట్టడమే నేర్పేది.

"జంతువుల్ని కాపాడదామని వస్తే కత్తులు నూరిస్తారేంటి మేడమ్?" అని మొహాలు ముడుచుకునేవాళ్లు.

"అడవిలో కరెంటు ఎవడిస్తాడు నాన్నా? మిషను రొదకి పక్షులు బెదిరిపోవూ? చేతిపనే మనకి దిక్కు. మొద్దు రంపం పట్టుకున్నావంటే చెక్క సంగతి తర్వాత, ముందు నీ వేలు తెగుతుంది."

ఒక ఏడాది గాలివానకు చెరువు పక్క అడవిలో తొర్రలున్న పాత చెట్లన్నీ కూలిపోయాయి. గుడ్లగూబలకు గూడు లేకుండా పోయింది. అవి గుడ్లు పెట్టే కాలంలోపు చెక్కపెట్టెలు చేసి చెట్లకు కట్టగలరా అని అటవీ అధికారి అడిగితే, ఆవిడ ఎగిరి గంతేసినంత పని చేసింది.

"గుడ్లగూబలకి ఇళ్లు కడతావు సరే, మన వంటింటి తలుపు ఎప్పుడు బాగుచేస్తావోయ్?" అన్నాడు భర్త.

"అవి మీలా సణగవండీ. అందుకే వాటికి ముందు."

అందరికంటే ముందు పెట్టె పూర్తి చేసింది 'మెరుపు'. ఏ పనైనా చిటికెలో ముగిస్తుందని తోటివాళ్లు ఆ పిల్లకు పెట్టిన పేరది. మేడమ్ ఆ పెట్టెను వెలుతురుకెదురుగా పట్టుకుంది. మూల అతుకులోంచి సన్నగా వెలుగు కనిపించింది.

"వానొస్తే లోపల పిల్లలు తడుస్తాయమ్మా. విప్పెయ్."

"మొత్తమా?"

"మొత్తం."

ఆ పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుని విసవిసా వెళ్లిపోయింది. ఆ పూట మేడమ్‌కు అన్నం సయించలేదు. మరీ కటువుగా అన్నానేమో అని ఒకటే పీకులాట. తెల్లారి వెళ్లేసరికి మెరుపు షెడ్డు గుమ్మంలో కూర్చుని ఉంది.

"తాళం తీయండి మేడమ్. నిదానంగా చేస్తాను."

చేసింది. రెండోసారి పెట్టె మీద కడవెడు నీళ్లు గుమ్మరించినా లోపలికి చుక్క దిగలేదు.

పెట్టెలు కట్టే రోజున మోకాలి నొప్పితో మేడమ్ చెట్టు కిందే నిలబడిపోయింది. పైన మెరుపు నడుముకు తాడు బిగించుకుని పని చేస్తోంది. ఏదో ఒకటి చెప్పాలని ఆవిడ నోరు దురద పెడుతోంది. అంతలో పైనుంచే ఆ పిల్ల అరిచింది.

"మేడమ్, తాడుకి పాత రబ్బరు గొట్టం తొడిగి కడుతున్నా! చెట్టు బెరడు ఒరుసుకుపోదు. బాగుందా?"

ఆ కిటుకు ఆవిడ నేర్పింది కాదు. "భేషుగ్గా ఉంది!" అని కిందినుంచే గట్టిగా అరిచింది.

ఎండలు ముదరకముందే కబురొచ్చింది. అందరూ పరుగున వెళ్లారు. మెరుపు కట్టిన పెట్టె రంధ్రంలోంచి దూదిపింజల్లాంటి రెండు పిల్లలు గుండ్రటి కళ్లతో కిందికి చూస్తున్నాయి. వేరే ఊరినుంచి వచ్చిన అధికారి ఒకాయన దుర్భిణి దించి, "పెట్టెలు బ్రహ్మాండంగా ఉన్నాయండీ. ఎక్కడ కొన్నారు?" అని అడిగాడు.

రంపం మేడమ్ చీర కొంగు సర్దుకుని నిటారుగా నిలబడింది.

"కొనడమేంటండీ! మా పిల్లలు చేశారు."