మామ్మకు నేను చెప్పిన సినిమా

నా చిన్నప్పుడు మా ఇంట్లో నవలల మీద ప్రాణం పెట్టుకున్న మనిషి మామ్మ ఒక్కతే. అనకాపల్లి బెల్లం మార్కెట్ వెనక వీధిలో ఉండేవాళ్ళం. వయసులో ఉన్నప్పుడు ఆమె వంటపని తెమలగానే పుస్తకం పట్టుకుని అరుగు మీద కూర్చునేదట. నాకు ఊహ తెలిసేసరికి ఆమెకు చూపు పోయింది. అందుకని మధ్యాహ్నాలు నేను చదివేదాన్ని, ఆమె వినేది. అన్నిటికన్నా ఆమెకు ఇష్టమైన నవల ఒకటుండేది. పనికోసం రంగూను ఓడెక్కిన భర్త కోసం ఎదురుచూస్తూ ముసలిదైపోయిన ఇల్లాలి కథ అది.

ఆ నవలను సినిమాగా తీశారనీ, మా ఊరి హాల్లోనే ఆడుతోందనీ తెలిసి మామ్మ ముఖం వెలిగిపోయింది. తనకు చూపు లేదు కనుక పక్కింటి అక్కను తోడిచ్చి నన్ను పంపింది. వచ్చాక అంతా చెప్పాలని మాట తీసుకుంది.

నేను హాల్లోంచి కోపంగా వచ్చాను. మంచం పక్కన కూర్చుని తప్పులన్నీ ఏకరువు పెట్టాను. ఆడబిడ్డ పాత్రే తీసేశారు. ఊరివాళ్ళ సూటిపోటి మాటల ఊసే లేదు. నవల్లో ఎప్పటికీ తిరిగిరాని భర్త సినిమాలో చివర ఓడ దిగి వచ్చేస్తాడు. నవలంతా నాకు అంత బాగా గుర్తున్నందుకు మెచ్చుకుంటుందనుకున్నాను.

"సినిమాలో లేనివన్నీ సెప్పేవు పాపా," అంది మామ్మ. "ఉన్నదేటో సెప్పలేదు. నాకు కళ్ళు కనపడవు కదా, ఇంకెవులు సెప్తారు?"

ఆ గొంతులో నిష్ఠూరం లేదు, దిగులుంది. చెబుదామని నోరు తెరిస్తే నాకేమీ గుర్తు రాలేదు. సినిమా నడిచినంతసేపూ నేను మనసులో పుస్తకమే తిరగేస్తూ కూర్చున్నాను. మర్నాడు అక్కను బతిమాలి మళ్ళీ వెళ్ళాను.

ఈసారి చూశాను. వచ్చి మామ్మకు నెమ్మదిగా చెప్పాను. తలుపు చప్పుడైనప్పుడల్లా ఆ ఇల్లాలు పరుగున వెళ్ళి, గడియ తీసే ముందు జుట్టు సవరించుకుంటుంది. ఏళ్ళు గడుస్తాయి, జుట్టు నెరుస్తుంది. ఒకరోజు మళ్ళీ చప్పుడవుతుంది. ఆమె నెమ్మదిగా లేచి, జుట్టు తాకకుండానే గడియ తీస్తుంది. బయట పాలమనిషి.

వింటున్న మామ్మ చేయి తన తలమీదికి వెళ్ళింది. నెరిసిన పాయను చెవి వెనక్కి తోసుకుంది.

"నవల్లో రెండు పేజీలు రాసేడు. ఈ సినిమా తీసినాయన ఒక్క మాట లేకుండా సెప్పేడు," అంది. ఆపైన, "మొగుణ్ణి మాత్రం తేకుండా ఉండాల్సింది. ఆవిడ అన్నేళ్ళు సూసిన ఎదురుసూపుకి ఇలువ లేకుండా పోయింది," అని తీర్పు కూడా చెప్పింది. ఆ సాయంత్రమంతా నాచేత ఆ తలుపు దగ్గరి ఘట్టమే మళ్ళీ మళ్ళీ చెప్పించుకుంది.

ఇప్పుడు నా మనవరాలు నవల ఆధారంగా తీసిన సినిమా ఏదైనా ఫోన్లో చూపించి, పుస్తకమంత బాగుందా అని అడుగుతుంది. నచ్చనివి నాకూ బోలెడు కనిపిస్తాయి, వాటినీ దాచను. కానీ ముందు అందులో నేనేం చూశానో చెబుతాను. ఎదురుగా చూపులేని మనిషి ఒకరు కూర్చుని, నా మాటల కోసమే ఆశగా వింటున్నారనుకుని చెబుతాను. ఆ ఓపిక నాకిచ్చి వెళ్ళినందుకు మామ్మకు మనసులోనే దండం పెట్టుకుంటాను.