అమావాస్య కోసం కూర్చున్న మోకాలు

నిన్న పొద్దున్నే ఉయ్యూరు నుంచి మా తోడల్లుడు ఫోన్ చేశాడు. నాకంటే ఆరేళ్లు చిన్నవాడు, చెరకు రైతు, నా ఉపన్యాసాలకు ముందు వరసలో కూర్చుని నిద్రపోయే అలవాటున్నవాడు. "అన్నయ్యగారూ, నా కుడి మోకాలు కూడా మీ దారే పట్టిందండీ. ఆపరేషన్ తప్పదన్నారు. డేటేమో మమ్మల్నే చెప్పమన్నారు. మీరు అనుభవమున్నోళ్లు, ఎప్పుడు పెట్టుకోమంటారు?" అని అడిగాడు. ఇరవై నిమిషాలు ఆగకుండా మాట్లాడగలిగిన ప్రశ్న అది. గంటలో చేస్తానని చెప్పి పెట్టేశాను. బల్ల మీద కాగితాలు ఎగిరిపోకుండా మూడు వేళ్ల పొడవున్న ఇనుప ముక్క ఒకటి పెట్టుకుంటాను. ఒక కొసన గుండ్రటి కన్నం, రెండో కొసన రంపంతో కోసిన గరుకు. దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు కూర్చున్నాను. తోడల్లుడికి చెప్పవలసిన జవాబు ఆ ముక్కలో ఉంది. అది నా బల్ల మీదికి ఎలా వచ్చిందో చెప్పాలంటే మూడేళ్లు వెనక్కి వెళ్లాలి.

అప్పటికి నాకు అరవై ఏడు. మునిసిపల్ హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన వాణ్ణి. బతుకంతా రెండు పనులు చేశాను: ఒకటి పిల్లలకు కోణాలు గీయించడం, రెండోది పెద్దలను అనుమానించమని చెప్పడం. దెయ్యాన్ని అనుమానించండి, బాబాను అనుమానించండి, చేయి చూసి జాతకం చెప్పేవాణ్ణి అనుమానించండి, నేను చెప్పేదాన్ని కూడా అనుమానించండి అని బందరు కాలువ పొడుగునా ఊరూరా చెప్పుకుంటూ తిరిగాను. అదంతా సైకిలు మీదే. ఆ సైకిలు నా కాళ్లకు కొనసాగింపు. కారులో వచ్చి హేతువాదం చెబితే మనిషి మాట జనానికి ఎత్తు నుంచి వినిపిస్తుంది. సైకిలు దిగి, చెమట తుడుచుకుని చెబితే పక్కనుంచి వినిపిస్తుంది. అందుకని కుడి మోకాలు మొదట కిర్రుమన్నప్పుడు సైకిలునే అనుమానించాను. చైనుకు నూనె వేశాను. శబ్దం తగ్గలేదు.

డాక్టరు ఎక్స్‌రే చూసి, కీలు మార్చాలి అన్నాడు. నేను డాక్టర్ని అనుమానించాను. మార్చమనేవాడికి మార్చడంలో లాభముంటుంది గదా అని గుంటూరులో రెండో డాక్టరుకు చూపించాను. అతనూ అదే చెప్పాడు. ఇద్దరూ ఒకే కాలేజీలో చదివారని తెలిసి ఇద్దర్నీ అనుమానించాను. చివరికి ఎక్స్‌రే చంకలో పెట్టుకుని ఆటోనగర్‌కు పోయాను. అక్కడ లేతు మిషన్ నడిపే మిత్రుడొకడున్నాడు. రోజుకు ఐదుసార్లు నమాజు చేస్తాడు, నేను ఒక్కసారీ చేయను, ముప్ఫై ఏళ్లుగా ఒకే టీ గ్లాసులు. అతను ఎక్స్‌రేను ట్యూబ్‌లైటుకెత్తి, ఒక కన్ను మూసి చూశాడు. "బుష్ అరిగిపోయింది మాస్టారూ. ఇనుముకి ఇనుము రాసుకుంటోంది. ఇంక గ్రీజు కొట్టి లాభం లేదు, బుష్ మార్చాల్సిందే. బండి పరుగు మీదున్నప్పుడే మార్చుకోండి, మూలన పడ్డాక మార్చితే పక్క సామాన్లు కూడా పట్టేస్తాయ్" అన్నాడు. ఇద్దరు డాక్టర్లు చెబితే నమ్మనిది అతను చెబితే నమ్మాను. అందులో సగమే విన్నానని తర్వాత తెలిసింది.

ఆసుపత్రిలో మొదటి రోజు నా మోకాలు ఎంత వంగుతుందో కొలిచి, చీటీ మీద నూట పది డిగ్రీలు అని రాశారు. సైకిలు తొక్కడానికి దాదాపు అంత కావాలి. తొడ కండ గట్టిపడేందుకు, వంపు తగ్గకుండా ఉండేందుకు ఐదు కసరత్తుల బొమ్మలున్న కాగితం ఇచ్చారు. సైకిలు తొక్కేవాడికి కసరత్తులేమిటని దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాను. డాక్టరు పది రోజుల్లో చేసేద్దామన్నాడు. ఆపరేషన్లు మంగళ, శుక్రవారాల్లో. బయట డేట్లు రాసుకునే అమ్మాయి నవ్వుతూ, "మంచిరోజు చూసుకుని చెప్పండి సార్" అంది.

అంతే, నా తల తిరిగింది. శాస్త్రం చదివినవాళ్లు కోసే చోట ముహూర్తమా అని ఆ అమ్మాయికి పావుగంట పాఠం చెప్పాను. ఆమె ఓపికగా విని, "మేం చూడం సార్, పేషెంట్లే చూసుకుంటారు. అమావాస్య అంటే ఒక్కళ్లూ రారు, ఆ రోజు థియేటర్ ఖాళీగానే ఉంటుంది" అంది. ఆ మాట నాకు గాలంలా తగిలింది. "అయితే మంగళవారం అమావాస్య ఎప్పుడొస్తుందో ఆ రోజు రాయమ్మా. మధ్యాహ్నం మూడింటికి. రాహుకాలంలో" అన్నాను. ఆమెకు ఆ లెక్క తెలియదు. నాకూ తెలియదు. బీసెంట్ రోడ్డులో తోపుడుబండి మీద జీవితంలో మొదటిసారి పంచాంగం కొన్నాను. తెలిసినవాళ్లు చూస్తారేమోనని దినపత్రికలో చుట్టించాను. ఇంట్లో తలుపేసుకుని వెతికితే మంగళవారం అమావాస్య డెబ్బై రోజుల అవతల ఉంది. పెన్సిల్‌తో సున్నా చుట్టాను. ఆ పుస్తకాన్ని మా ఆవిడ చూడకుండా నా పాత ఉపన్యాసాల ఫైళ్ల వెనక దాచాను. ఆ వారమే ఉయ్యూరు సభలో వేదిక మీద నుంచి ప్రకటించాను కూడా: "మంగళవారం, అమావాస్య, రాహుకాలం. మూడూ కలిసిన పూట నా మోకాలు కోయించుకుంటున్నాను. నాలుగు వారాల్లో సైకిలెక్కి మీ ఊరొస్తాను. రాకపోతే పంచాంగం గెలిచినట్టు!" చప్పట్లు మోగాయి. మా తోడల్లుడు కూడా మేలుకున్నాడు.

డెబ్బై రోజులు కుంటుతూ గడిపాను. మొదట సైకిలు ఆగింది, తర్వాత కాలువ గట్టు మీద నడక ఆగింది, తర్వాత మేడ మెట్లు. నొప్పి పుట్టని భంగిమ ఒకటి కనిపెట్టి అందులోనే కూర్చునేవాణ్ణి. డాక్టరు రెండుసార్లు కబురు చేశాడు, వేరే రోగి మానుకున్నాడు, రేపే వస్తారా అని. అంత తొందరెందుకని అనుమానించి వెళ్లలేదు.

ఆపరేషన్ రోజున నా అనుమానమంతా మా ఆవిడ మీద. ఆమె పూజలు చేయదు, చేసేవాళ్లను ఏమీ అనదు. అలాంటి తటస్థులు ఆపదలో ఎటు మొగ్గుతారో చెప్పలేం. థియేటర్లోకి తీసుకెళ్లబోతుంటే ఆమె కొంగు చివర చిన్న ముడి కనిపించింది. తాయెత్తో, విభూతి పొట్లమో. మత్తులో ఉండగా కట్టులో దోపేస్తే, మానిన కాలు ఎవరి ఖాతాలోకి పోతుంది? "ఆ కొంగులో ఏం కట్టావు? విప్పు. నర్సుగారి ముందు విప్పు" అన్నాను. మా ఆవిడ ముడి విప్పింది. "మీ పళ్లండీ. ఇందాక వాళ్లు తీసి నా చేతిలో పెట్టారు. పెట్టుకుని వెళ్తారా లోపలికి?" అంది. నర్సు గోడవైపు తిరిగింది. నడుము కిందికే మత్తిచ్చారు గనుక లోపల మెలకువగానే ఉన్నాను. తెర అవతల సుత్తి దెబ్బలు, రంపం చప్పుడు, అచ్చం ఆటోనగర్. "ఎవరండీ కొట్టేది? డాక్టరుగారేనా?" అని బోసినోటితో అడిగాను. "నేనే మాస్టారూ. చెయ్యాపి చూపించమంటారా?" అని తెర వెనక నుంచి గొంతు వినిపించింది. వద్దన్నాను.

కీలు చక్కగా కూర్చుంది. వంగడం మాత్రం రాలేదు. నాలుగు వారాల గడువు దాటిన రోజున నేను వాకర్ పట్టుకుని వీధి గుమ్మం దాకా వెళ్లి తిరిగొచ్చాను. కాలువ గట్టు మీద నాతో నడిచే పెద్దమనుషులు పరామర్శకొచ్చి, బత్తాయిలు బల్ల మీద పెట్టి, జాలిగా తలలూపారు. "అమావాస్యతో పెట్టుకోకుండా ఉండాల్సిందండీ" అన్నాడొకాయన, నాకు వినపడదనుకున్న చెవివైపు కూర్చుని. నా చెవిటి చెవి రెండోదని ఆయనకు తెలియదు. నొప్పికి కన్నీళ్లు రానివాణ్ణి, ఆ మాటకొచ్చాయి. నలభై ఏళ్లు ఊరూరా తిరిగి చెప్పిందాన్ని నా మోకాలే అబద్ధం చేస్తోంది.

రోజూ ఇంటికొచ్చి కాలు వంచే ఫిజియోథెరపీ అమ్మాయి ఉండేది. హనుమాన్ జంక్షన్ పిల్ల, స్కూటీ మీద వచ్చేది. చేతులు సన్నగా ఉంటాయి గానీ పట్టు బెల్లం గానుగ పట్టు. ఆమె కొలిచి డెబ్బై అంటే, నేను పాత కోణమానిని తెప్పించి మళ్లీ కొలిచేవాణ్ణి. ఇద్దరికీ డెబ్బయ్యే వచ్చేది. ఆరు వారాలకు తొంభై రాకపోతే మత్తిచ్చి బలవంతంగా వంచాల్సి వస్తుందని డాక్టరు చెప్పాడు. ఒకరోజు ఆ అమ్మాయి నా పాత చీటీలన్నీ ముందేసుకుంది. "సార్, ఫస్ట్ చూసినప్పుడు నూట పది ఉంది. ఆపరేషన్ రోజుకి ఎనభై ఐదే ఉంది. కండ కూడా బాగా తగ్గిపోయింది. ముందు వంగినదాన్ని బట్టే తర్వాత వంగుతుంది సార్. డెబ్బై రోజులు ఎందుకాగారు?"

"డాక్టరుగారి డేట్లు దొరకలేదమ్మా" అన్నాను.

జీవితంలో నేనాడిన అబద్ధాలు చాలా ఉండవచ్చు, ఇంత నున్నగా ఏదీ జారలేదు. వంటింట్లో గిన్నె చప్పుడు ఆగింది. మా ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఫైళ్ల వెనక చెయ్యి పెట్టి, పత్రికలో చుట్టిన పుస్తకం తీసి ఆ అమ్మాయి ఒళ్లో పెట్టింది. "ముహూర్తం పెట్టుకున్నారమ్మా మాస్టారు. ఇదిగో, సున్నా చుట్టారు చూడు." ఆ పిల్ల పేజీలు తిప్పింది. అమావాస్యలన్నిటి కిందా పెన్సిల్‌తో గీతలు, అంచుల్లో నా లెక్కలు. "మా అమ్మమ్మ కూడా ఇంత చూడదు సార్" అంది. వెక్కిరింత కాదు, నిజంగా ఆశ్చర్యపోయింది.

ఆమె వెళ్లాక నేను లేచాను, అంటే గొంతు లేచింది. నాది ధిక్కారం, వాళ్లది భయం, రెండూ ఒకటేనా? మన పెళ్లి అమావాస్యనాడు దండలు మార్చుకుని చేసుకోలేదా? నలభై ఏళ్లుగా ప్రతి వేదిక మీదా చెబుతున్నాను గదా? మా ఆవిడ బత్తాయి ఒలుస్తూ, "అమావాస్య అని మనం చూసుకున్నామా ఏంటి? హాలు ఆ రోజు ఖాళీగా ఉందన్నారు, సరే అన్నాం. అమావాస్యని పెళ్లయ్యాక మా పెద్దనాన్న తిట్టిందాకా మనకి తెలీదు. అప్పుడు మీరు పంచాంగం చూళ్లేదండీ. ఇప్పుడు చూశారు" అంది. తొన నా చేతిలో పెట్టి, "వాళ్లు మంచిరోజు కోసం కూర్చుంటారు, మీరు చెడ్డరోజు కోసం కూర్చున్నారు. కూర్చోవడమైతే ఒకటే గదా" అని వెళ్లిపోయింది. నలభై ఏళ్లుగా చెబుతున్న నా పెళ్లి కథను నేను ఒక్కసారీ అనుమానించలేదు.

మర్నాటి నుంచి తెల్లవారుజామున లేచి, మడిచి జేబులో పెట్టుకున్న ఆ కాగితంలోని ఐదు కసరత్తులూ చేశాను. మడమ కింద తువ్వాలు పెట్టి లాక్కోవడం, కుర్చీలో కూర్చుని మంచి కాలితో చెడ్డ కాలిని వెనక్కి నెట్టడం. అరుపులు వీధిలోకి వినిపించేవట. ఆరు వారాల గడువుకు తొంభై రెండు వచ్చింది, మత్తు తప్పింది. ఆరు నెలలకు నూట రెండు. అక్కడ ఆగిపోయింది. సైకిలెక్కి పెడల్ మీద కాలు పెడితే, పైకొచ్చేసరికి మోకాలు మేకులా బిగిసి చక్రం తిరిగేది కాదు.

ఆటోనగర్ మిత్రుడు సైకిలు పక్కన గొంతుకూర్చుని, నన్ను మూడుసార్లు తొక్కమని చూశాడు. "కాలు సైకిలుకి సరిపోకపోతే సైకిల్నే కాలికి సరిచేద్దాం మాస్టారూ. తొందరేంలేదు, టీ తాగండి" అన్నాడు. కుడి పెడల్ బిగించే కడ్డీకి ఇరుసు దగ్గరగా కొత్త కన్నం తొలిచి, మర కోసి, పెడల్‌ను అక్కడ బిగించాడు. మిగిలిన ముక్క రంపంతో కోసి నా చేతిలో పెట్టాడు. వేడిగా ఉంది. పెడల్ అక్కడే పట్టుకుంటుందా అని వంగి వంగి చూస్తుంటే, "నమ్మకం లేకపోతే ఎక్కి చూడండి. అనుమానానికి అంతకంటే మందు లేదు" అన్నాడు. ఎక్కాను. ఎడమ కాలు పెద్ద సున్నా, కుడి కాలు చిన్న సున్నా. చూసేవాళ్లకు నవ్వొస్తుంది. తొక్కేవాడికి ఊరొస్తుంది.

నాలుగు వారాల్లో వస్తానన్న ఉయ్యూరుకు తొమ్మిదో నెలలో వెళ్లాను. అదే వేదిక. పంచాంగం గెలిచిందని వాళ్లంతా ఎప్పుడో తీర్మానించుకున్నారు. నేను ఆ ఇనుప ముక్కను ఎత్తి చూపించి, పంచాంగం కొన్నది, పత్రికలో చుట్టించింది, సున్నా చుట్టింది, ఆ పిల్లతో అబద్ధమాడింది, మొత్తం చెప్పాను. చప్పట్లు లేవు. వెనక బెంచీ మీద నుంచి ఒక రైతు లేచి, "ఇంతకీ అమావాస్య వల్ల పోయిందంటారా మాస్టారూ, లేదంటారా? ఒక్క మాటలో చెప్పండి" అన్నాడు. "అమావాస్యకు ఏ పాపమూ తెలియదయ్యా. దానికోసం నేను కూర్చున్నందుకు పోయింది" అన్నాను. అతను కాసేపు ఆలోచించి, నమ్మాలో అనుమానించాలో తేలక, మెల్లగా కూర్చున్నాడు. నా ఉపన్యాసాలన్నింటిలో నాకు నచ్చిన శ్రోత అతనే.

నిన్న గంట కాకముందే తోడల్లుడికి ఫోన్ చేశాను. "వాళ్లకి ముందుగా ఖాళీ ఎప్పుడు?" అన్నాను. "వచ్చే శుక్రవారమటండీ" అన్నాడు. ఆ రోజు తిథి ఏమిటో అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. ఇప్పటికీ వస్తుంది. పళ్ల మధ్య బిగబట్టాను. "శుక్రవారమే వెళ్లు. ఈలోపు కసరత్తుల కాగితమిస్తారు, జేబులో పెట్టుకోకు" అని చెప్పి, ఇనుప ముక్కను మళ్లీ కాగితాల మీద పెట్టాను. మోకాళ్లున్నవాళ్లమే కూర్చుంటాం. కాలానికి మోకాళ్లు లేవు, అది ఎవరికోసమూ కూర్చోదు.