మిరప కల్లంలో పడిన విదేశీ వ్యాను

1983 ఫిబ్రవరిలో నేను గుంటూరులో ఎక్సైజు, సుంకాల శాఖ ఇన్‌స్పెక్టరుగా ఉన్నాను. పొగాకు ఆకు మీద సుంకం ఎత్తేసి అప్పటికి నాలుగేళ్లు కావస్తోంది. ఆకు ఆరబెట్టే బ్యారన్ల చుట్టూ, గోడౌన్ల చుట్టూ తిరిగే పని బాగా తగ్గింది. దాంతో ఎవరి బల్లకూ చెందని కాగితాలు నా బల్ల మీదికి వచ్చేవి. విదేశీయుల వాహనాల ఫైళ్లు అలాంటివే. అవి ఏడాదికి ఒకటి వస్తే ఎక్కువ.

ఆ ఫైళ్ల నిబంధన చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. పరాయి దేశస్థుడు తన బండి నడుపుకుంటూ మన సరిహద్దు దాటి వస్తే సుంకం కట్టనక్కర్లేదు. అయితే గడువులోగా ఆ బండిని తిరిగి బయటికి తీసుకుపోవాలి. దీనికి హామీగా కార్నెట్ అనే పుస్తకం ఉంటుంది. అతని దేశంలోని మోటారు క్లబ్బు పూచీ పడి ఇస్తుంది. బండి లోపలికి వచ్చినప్పుడు సరిహద్దులో ఒక ముద్ర, బయటికి పోయినప్పుడు ఇంకో ముద్ర వేస్తారు. రెండో ముద్ర పడకపోతే సుంకం మొత్తం ఆ క్లబ్బు కట్టాలి, క్లబ్బు ఆ మనిషి దగ్గర రాబట్టుకుంటుంది. ఆ రోజుల్లో సుంకం బండి ఖరీదును మించి ఉండేది. ఇది చాలదన్నట్టు పాస్‌పోర్టులో కూడా బండి వివరం రాసేవారు. బండి లేకుండా మనిషి ఒక్కడే విమానం ఎక్కుతానంటే కుదరదు.

బండిని అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు, ఊరికే ఇవ్వడమూ కుదరదు. అది నడవలేని స్థితికి వస్తే దారులు రెండు. అధికారి ఎదుట దాన్ని ధ్వంసం చేయించడం ఒకటి, ఉన్నదున్నట్టు ప్రభుత్వానికి అప్పగించడం రెండోది. ఏది చేయాలన్నా పై కార్యాలయం అనుమతి కావాలి, ఛాసీ నంబరూ ఇంజను నంబరూ కార్నెట్‌లోని నంబర్లతో సరిపోవాలి.

ఫిబ్రవరి 24, గురువారం నాడు నా బల్ల మీదికి వచ్చిన ఫైలు పశ్చిమ జర్మనీకి చెందిన డీటర్ అనే ఆయనది. వృత్తివిద్యా బడిలో వడ్రంగం నేర్పే మాస్టారు. భార్య రెనాటేతో కలిసి వ్యానులో బయలుదేరి, అంతకు ముందు అక్టోబరులో పంజాబు సరిహద్దు దాటి మన దేశంలోకి వచ్చాడు. ఫిబ్రవరి 11న శ్రీశైలం చూసుకుని వినుకొండ మీదుగా గుంటూరు వస్తున్నారు.

వాళ్ల బండికి స్టీరింగు ఎడమ పక్క ఉంటుంది. మన రోడ్ల మీద అలాంటి బండితో ముందున్న లారీని దాటాలంటే, ఎదురుగా ఏం వస్తోందో డ్రైవరుకు కనపడదు. కుడి సీట్లో ఉన్నవాళ్లు చూసి చెప్పాలి. పంజాబు సరిహద్దు నుంచి వినుకొండ దాకా రెనాటే చూసి చెబుతూనే వచ్చింది. ఆ రోజు ముందున్నది పత్తి బోరేల లారీ. రెండు పక్కలకూ పొంగి రోడ్డంతా తానే అయినట్టు పోతోంది. ఎదురుగా వచ్చిన బస్సు ఆమెకు కనపడలేదు. అది వ్యాను కుడి పక్కను చీల్చుకుంటూ పోయింది. వ్యాను రోడ్డు దిగి పక్కనున్న మిరప కల్లంలో బోల్తా పడింది. డీటర్‌కు పక్కటెముకలు విరిగాయి. రెనాటేకు మెడ దగ్గర వెన్నుపూస విరిగింది. మాట ఉంది, కాళ్లూ చేతులూ ఆడవు.

గుంటూరులో ఒక మిషను ఆసుపత్రిలో ఉంచారు. రెనాటే ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతోందని, ఇంటికి పంపేదైతే త్వరగా పంపాలని డాక్టరు చెప్పారు. వాళ్ల దేశపు బీమా వాళ్లు మార్చి 5న మద్రాసు నుంచి విమానంలో స్ట్రెచరుకు చోటు కుదిర్చారు. ఆమె పాస్‌పోర్టు శుభ్రంగా ఉంది, వెళ్లవచ్చు. బండి రాసి ఉన్నది ఆయన పాస్‌పోర్టులో. బండి సంగతి తేలేదాకా ఆయన కదలడానికి లేదు.

మా సూపరింటెండెంటు గారు ఫైలు చదివి తేలిగ్గానే మాట్లాడారు.

"బండి ఆ కల్లంలోనే ఉందటగా అమ్మా. వెళ్లి నంబర్లు సరిచూసి, ఆయన చేత అప్పగింత కాగితం రాయించండి. పైవాళ్లతో నేను ట్రంకాల్ చేసి మాట్లాడతాను. వారంలో అయిపోతుంది."

మర్నాడు పొద్దున్నే ఆసుపత్రికి వెళ్లాను. డీటర్ ఆమె మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఇంగ్లీషు నెమ్మదిగా మాట్లాడతాడు. బండిని ప్రభుత్వానికి అప్పగించవచ్చని చెబితే ఆయన మొహం తేటపడింది. వెంటనే ఇంకో మాట అన్నాడు. కల్లం యజమాని బత్తాయిలు పట్టుకుని తమను చూడటానికి వచ్చాడని, తన బండి ఆ మంచి మనిషి పనికి అడ్డంగా ఉందేమోనని, దాన్ని తీసెయ్యమని చేతులతో సైగ చేసి చెప్పానని. నేను కుర్చీలోంచి లేచి నేరుగా బస్సుస్టాండుకు వెళ్లాను.

కల్లం యజమాని పేరు వెంకటప్పయ్య. నేను వెళ్లేసరికి కల్లం అలికినట్టు శుభ్రంగా ఉంది. ఆ చివరి నుంచి ఈ చివరికి కాయ పరిచి ఉంది. వ్యాను లేదు.

"తీయించాను గదమ్మా" అన్నాడాయన. "పాపం, ఆయనే తీసెయ్యమన్నాడు. ఇక్కడ క్రేను యాడ దొరుకుద్ది? కాయంతా కల్లంలోకి వచ్చే రోజులాయె. మా కోత ముఠానే పెట్టి ఊడదీయించా."

"కూలి ఎంతిచ్చారు?"

"కూలేముందమ్మా, కోతకి ఎట్టా ఇస్తామో అట్టానే. ఎవరు ఊడదీసింది వాళ్లకి."

ఆ పల్లెల్లో మిరపకోతకు డబ్బు ఇవ్వడం తక్కువ. కోసిన కాయలోనే భాగం కొలిచి ఇస్తారు. ఎవరి చెయ్యి ఎంత ఆడితే అంత. వ్యాను విషయంలో కూడా వాళ్లకు తెలిసిన ఆ న్యాయమే పాటించారు. అందులో దొంగతనం లేదు, దాపరికమూ లేదు. కానీ చట్టం లెక్కలో జరిగింది వేరు. సుంకం కట్టని విదేశీ వాహనాన్ని విప్పి, ముక్కలుగా ఈ దేశంలో వాడకానికి ఇచ్చేశారు. ఇచ్చినవాడు డీటర్. పుచ్చుకున్నవాళ్లు ఊరు ఊరంతా.

ముఠా మేస్త్రి మరియమ్మ. యాభై ఏళ్లుంటాయి. చర్చిలో ముందు వరసలో కూర్చునే మనిషి. వాళ్ల పేటకు వెళితే స్నానాల దడికి తలుపుగా వ్యాను తలుపు కనపడింది, అద్దంతో సహా. నేను దాని వైపు చూడటం ఆమె చూసింది.

"ఏందమ్మా చూస్తన్నారు? నాలుగు రోజులు ఒళ్లు ఇరగ్గొట్టుకుని ఊడదీశా. నా కూలి అది."

"దొంగతనం చేశారని నేను అనలేదు."

"అనలా. చూపు మాత్రం అట్టానే ఉంది."

చుట్టూ మనుషులు చేరారు. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాను. బండి మొత్తం కల్లంలోకి తిరిగి రాకపోతే ఆయన్ని దేశం దాటనివ్వరని, ఆ కదలలేని మనిషి ఒక్కతే పోవాల్సి వస్తుందని.

మరియమ్మ అడిగింది. "ఆ రూలు పెట్టిందెవురమ్మా? పెళ్లాం చావుబతుకుల్లో ఉంటే మొగుణ్ణి ఆపి, డొక్కు బండి యాడుందని అడగతారా?"

"ఢిల్లీలో పెట్టారు."

వెనక నుంచి ఒకడు, "అక్కో, నీ దడి తలుపు లేకపోతే ఢిల్లీకి నిద్ర పట్టట్లేదంట!" అన్నాడు. నలుగురు నవ్వారు.

"నోరు ముయ్యరా!" అని మరియమ్మ వాడి మీదికి తిరిగింది. "ముందు నువ్వు తెచ్చుకున్న చక్రాలు తీసకరా. పొద్దుటికల్లా అందరూ తెచ్చి కల్లంలో పడెయ్యండి. ఒక్క బోల్టు తగ్గిందో, రేపట్నించి నా ముఠాలో పనిలేదు."

ఆ రాత్రి వినుకొండలో ఉండి, శనివారం పొద్దున్నే వచ్చాను. పరిచిన కాయను ఒక పక్కకు నెట్టి వెంకటప్పయ్య చోటు చేశాడు. నేను సగం జీవితం సోదాలు చేశాను. దాచింది పట్టుకోవడం నా వృత్తి. అడిగింది అడిగినట్టు జనం మోసుకొచ్చి పోయడం మాత్రం ఆ ఒక్క రోజే చూశాను. తలుపులు, చక్రాలు, సీట్లు, గ్యాసు పొయ్యి, ఎడ్లబండి మీద ఇంజను. మిరప ఘాటుకు అందరం దగ్గుతూనే ఉన్నాం. ఒకామె కర్టెను గుడ్డతో కూతురికి కుట్టిన గౌను ఉతికి, మడిచి తెచ్చింది. కార్నెట్ వెనక బండితో వచ్చిన సామాను జాబితా ఉంటుంది. తీసి చూశాను. అందులో కర్టెన్లు లేవు. గౌను వెనక్కి ఇచ్చేశాను.

ఇంజను నంబరు సరిపోయింది. ఇక ఛాసీ ఒక్కటే మిగిలింది. బండికి వెన్నెముకలాంటి ఇనప చట్రం అది, నంబరు దాని మీదే కొట్టి ఉంటుంది.

చట్రాన్ని ఎత్తడానికి వీలుకాక నరికించి కమ్మరి బ్రహ్మయ్యకు ఇచ్చారట. ఆయన వచ్చాడు. భుజం మీది గోనెసంచి దించి విప్పాడు. గుంటకలకు వేసే ఇనప పట్టీలు, కొడవళ్లు, గడ్డపారలు. కొన్ని అప్పటికే పిడులు తొడిగి ఉన్నాయి.

"మంచి ఇనుమమ్మా" అన్నాడు.

"దాని మీద అంకెలు కొట్టి ఉండాలి, చూశారా?"

"ఉన్నయ్యమ్మా ఏయో గీతలు. కొలిమిలో పెట్టి సాగ్గొట్టాక ఇంకేముంటయ్యి?"

ఒక్కొక్కటీ తిరగేసి చూశాను. మరియమ్మ కూడా నా పక్కన గొంతుక్కూర్చుని ప్రతి పట్టీని ఎండకెత్తి చూసింది. ఒక్క అంకె కూడా మిగల్లేదు. చూసింది చూసినట్టు పంచనామా రాశాను. వెంకటప్పయ్య సంతకం చేశాడు, మరియమ్మ వేలిముద్ర వేసింది.

సోమవారం సూపరింటెండెంటు గారి ముందు కాగితాలు పెట్టాను. ఆయన చదివి, కార్నెట్ తెరిచి నా వైపు జరిపారు.

"ఛాసీ నంబరు ఇందులో ఉందిగా అమ్మా."

"ఉందండీ. బండి మీద లేదు."

ఆయన కార్నెట్ మూసేశారు. మంచివాడు. నా చేత అబద్ధం రాయించాలని కాదు, ఆ మనిషిని పంపాలని ఆయన తాపత్రయం. కానీ ఆ నిబంధన ఊరికే పుట్టలేదు. బండిని ఎక్కడో అమ్ముకుని, దాని ఇంజనును ఒక తుక్కు కుప్ప పక్కన పెట్టి పాడైపోయిందని చూపించినవాళ్లు ఉన్నారు. నా కాగితాన్ని నమ్మి పైన ఒకరు సంతకం చేస్తారు. కింద మరియమ్మ వేలిముద్ర ఉంది. "ఛాసీ నంబరు లభ్యం కాలేదు, చట్రం కొలిమిలో కాల్చి పనిముట్లుగా మార్చబడినది" అనే పంపాను.

పై కార్యాలయం నుంచి మార్చి 2న ప్రశ్నలు వచ్చాయి. అసలు వాహనం వేరేచోట అమ్ముడుపోలేదనడానికి ఆధారమేమిటి, కమ్మరి వాంగ్మూలం ఏది, ఇనుము బరువు ఎంత. వాళ్ల స్థానంలో నేనున్నా అవే అడిగేదాన్ని. జవాబులు పంపాను. 5వ తేదీలోగా ఉత్తర్వు రాదని మాత్రం తెలిసిపోయింది.

3న ఆసుపత్రికి వెళ్లి ఆ మాట చెప్పాను. డీటర్ ఒక్కటే అడిగాడు, బండిని కల్లంలోనే వదిలేసి ఉంటే ఏమయ్యేదని. ఇద్దరినీ కలిపి పంపేవాళ్లమని చెప్పాను. ఆయన తల ఊపాడు. ఊరివాళ్ల మీద కేసు పెడతారా అని తర్వాత అడిగాడు. పెట్టకూడదని నేను సిఫారసు రాశానన్నాను. అది మంచిదన్నాడు.

4వ తేదీ మధ్యాహ్నం రెనాటేను మద్రాసు తీసుకుపోయే వ్యానులోకి ఎక్కించారు. తోడు ఒక నర్సు. స్ట్రెచరు లోపలికి పోతుండగా రెనాటే వాళ్ల భాషలో ఒక్క మాట అంది. ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. బండి వెళ్లిపోయాక అర్థం అడిగాను. రోడ్డు ఖాళీగా ఉంది, పోవచ్చు అని. కుడి సీట్లోంచి దారి పొడవునా ఆమె చెబుతూ వచ్చిన మాట అదేనట.

మార్చి 13, ఆదివారం నాడు వాళ్ల ఊరి ఆసుపత్రిలో ఆమె చనిపోయింది. నెమ్ము తగ్గలేదు. మర్నాడు ఆయనకు టెలిగ్రాం అందింది. అనుమతి ఉత్తర్వు 16న వచ్చింది. ఊరివాళ్ల మీద చర్య వద్దన్న సిఫారసును ఆమోదించారు. ఆ ఉత్తర్వును నేనే ఆయన ఉంటున్న ఆసుపత్రి అతిథి గదికి తీసుకువెళ్లి, అప్పగింత పత్రం మీద సంతకం చేయించి, పాస్‌పోర్టులోని బండి వివరం కొట్టేసి ముద్ర వేశాను. ఆయన వెళ్లిపోయాడు.

కుప్ప మా గోడౌనుకు చేరింది. తర్వాతి ఏడాది వేలంలో తుక్కు కింద తూకానికి పోయింది, బ్రహ్మయ్య కొట్టిన పట్టీలతో సహా. ముఠా వాళ్లకు పోయిన కూలి బదులు వెంకటప్పయ్య కాయ కొలిచి ఇచ్చాడని తర్వాత తెలిసింది.

ప్రమాదం జరిగిన రోజు పోలీసులు రాసిన కాగితాలు ఆ ఫైల్లోనే ఉన్నాయి. లారీ నంబరు, బస్సు నంబరు, వ్యాను నంబరు పలక, టైర్ల గుర్తులు, రోడ్డు వెడల్పు, అన్నీ రాశారు. ఛాసీ నంబరు రాయలేదు. వాళ్ల కేసుకు అది అవసరం లేదు. ఆ తర్వాత కొన్ని రోజుల పాటు చట్రం కల్లంలో పడి ఉంది, అంకెలు ఎండకు కనపడుతూనే ఉన్నాయి. అవి అవసరమైన శాఖ మాది. మా దాకా కాగితం నడిచి వచ్చేసరికి ఫిబ్రవరి 24 అయింది.

ఆ ఫైలు నేర్పింది ఇది. నిబంధన మనిషి మాటను నమ్మదు, వస్తువును నమ్ముతుంది. కనుక వస్తువు చెదిరిపోకముందే అక్కడికి చేరడం మా పని. నంబరు మీద పల్చటి కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దితే అంకెలు అచ్చుగా దిగుతాయి. విదేశీ బండి ఎక్కడ దెబ్బతిన్నా అదే రోజు మాకు కబురు చేయమని మా పరిధిలోని పోలీసు స్టేషన్లన్నిటికీ లేఖలు పంపించాను. నేను రిటైరయ్యేలోగా అలాంటి ఫైళ్లు ఇంకా ఏడు వచ్చాయి. ఏడింటిలోనూ మొదటి కాగితం ఆ పెన్సిలు అచ్చే.