గుడ్డు చెప్పిన సాక్ష్యం

కనిగిరి సంఘంలో ఆదివారం ఆరాధన అయ్యాక అందరినీ కలిపి ఒక ఫోటో తీద్దామని, విశాఖ నుంచి నా పాత పెద్ద కెమెరాతో బయల్దేరాను. వినుకొండలో బస్సు దిగి చూసుకుంటే, వీపు సంచిలో కెమెరాకు దెబ్బ తగలకుండా పెట్టిన స్పాంజి పొడిపొడిగా రాలిపోయింది. ఫోకస్ చూసుకునే గరుకు అద్దం లోపల కదులుతోంది. అది పగిలితే ఇక ఫోటో లేనట్టే.

బస్టాండు పక్కన పరుపులు కుట్టే మస్తాన్ గారిని, అద్దం చుట్టూ దూది గట్టిగా కూరమని అడిగాను.

“కూరితే రాయవుద్ది బాబూ. దూదికి ఊపిరాడాలి. అప్పుడే దెబ్బ ఆపుద్ది,” అన్నారాయన.

దూది ఏకి, అద్దానికి సరిపడా మెత్తటి సంచి కుట్టారు. నాకు నమ్మకం కుదరలేదని ఆయనకు తెలిసిపోయింది. కూరకని దాచిన కోడిగుడ్డు తెచ్చి అందులో పెట్టి, మూతి బిగించి, నడుమెత్తు నుంచి గచ్చు మీదికి వదిలేశారు.

“అది పగిలిందో, ఇయ్యాల నీకు పచ్చిమిరపకాయే కూర!” అని లోపలి నుంచి భార్య అరిచింది.

గుడ్డు పగల్లేదు. ఆవిడ దాన్నే అట్టు వేసి నాకు పెట్టింది. నేను కళ్లు మూసుకుని ఆ ఇంటి కోసం పైకే ప్రార్థించాను. నాకంటే ముందు “ఆమీన్” అన్నది మస్తాన్ గారే.

ఆదివారం కనిగిరిలో కెమెరా వెనక నల్లగుడ్డ కింద తల దూర్చాను. గీతైనా పడని ఆ అద్దం మీద సంఘమంతా, ఆ కెమెరాలో ఎప్పుడూ కనిపించేట్టే, తలకిందులుగా నిలబడి నవ్వుతోంది.