కడుపు నింపని గరిటె

ఆ కథ చెప్పింది నేనే, కాదనను. కానీ కథ చెప్పినందుకు మనిషిని కోర్టు మెట్లెక్కిస్తారని అప్పటిదాకా నాకు తెలియదు.

అవి కంట్రోలు బియ్యం రోజులు. కార్డు మీద వచ్చేవే కాసిని, అందులోనూ రాళ్లు. ఉదయగిరిలో బొగ్గుతో నడిచే బస్సు, పొయ్యి రాజుకుని కదిలేదాకా మాకు కబుర్లు తప్ప వేరే పనిలేదు. ఒకరోజు మా వీధిలో చెక్కగరిటెలు చేసే ఆయన అటుగా పోతుంటే నా నోరు ఊరుకోలేదు. ఆకలితో చచ్చినవాడి దెయ్యం దుర్గం కొండమీద ఒక చెట్టు పట్టుకుని ఉందనీ, ఈయన ఆ చెట్టే కొట్టుకొచ్చాడనీ, ఆ గరిటెతో వడ్డిస్తే ఎంత తిన్నా కడుపు నిండదనీ చెప్పాను. అందరూ నవ్వారు. నేను బస్సెక్కాను.

బస్సు దారిలో రెండుసార్లు ఆగింది. కథ ఆగలేదు. నాకంటే ముందే కలిగిరి చేరింది. తిండి చాలని ప్రతి ఇంటికీ ఒక కారణం దొరికింది మరి. మొదట మా వీధి చివరి అవ్వ, ఆమె వెనక మిగతా ఆడవాళ్లు, గరిటెలు తెచ్చి ఆయన వాకిట్లో పారేసిపోయారు. సంతలో ఒక్కటీ అమ్ముడుపోక ఆయన ఇంట్లో పొయ్యి ఒంటిపూటకు దిగింది. అప్పుడు ఆయన ఆత్మకూరు పోయి నామీద పరువునష్టం కేసు వేశాడు.

కథకు శిక్షేమిటని మా వకీలు అరగంట వాదించాడు. గరిటెలు తిరిగొచ్చింది నిజమా కాదా అని మేజిస్ట్రేటు ఒక్కమాట అడిగాడు. వకీలు కూర్చున్నాడు. నష్టం పూడ్చి, పూడిందని ఫిర్యాదీ నోటితో చెప్పిస్తే కేసు మూసేస్తానన్నాడు మేజిస్ట్రేటు. హమ్మయ్య అనుకుని బయటికి రాగానే ఎంత కావాలని ఆయన్ను అడిగాను.

"డబ్బెందుకన్నా నాకు? అది తిన్నాక నా గరిటె ఎవరు కొంటారు? చెప్పిన నోటితోనే తినాల. సంతలో, అందరి ముందరా, నా గరిటెతో పెట్టించుకొని, కడుపు నిండింది, చాలు అనాల. కొత్త గరిటె ఒకటి అమ్ముడుపోయిన రోజు రాజీకి వస్తా. నువ్వు కొంటే లెక్కలేదు."

ఇంతేనా అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

సంతలో ఆయన భార్య రాగిసంకటి కుండ పెట్టుకుని రెండు గరిటెలు వడ్డించింది. తిని, నిండింది చాలు అన్నాను. కోర్టు భయంతో అంటున్నాడన్నారు జనం. నమ్మించాలని ఇంకో రెండు తిన్నాను.

"చూసినారా, ఇంకా తింటానే ఉండాడు," అన్నాడెవడో.

ఆపితే అబద్ధాలకోరు, తింటే దెయ్యం! పుట్టి బుద్ధెరిగాక అంత పచ్చి నిజం నేనెప్పుడూ చెప్పలేదు, ఒక్కడూ నమ్మలేదు. మరుసటి వారమూ అంతే. మూడో వారం ఆయన భార్యే విసుక్కుంది: "నష్టం పూడ్చను వచ్చి మా కుండ ఖాళీ చేస్తా ఉండావే."

సిగ్గేసి, నాలుగో వారానికి రాగిపిండి మా ఇంటి నుంచే మోసుకుపోయాను. పోనీ ఈ గరిటెతో తింటే కొడుకులు పుడతారని చెప్పనా అని ఆయన్ను అడిగాను.

"ఇంకొకటి చెప్పినావంటే ఇంకో కేసు," అన్నాడు.

ఆ రోజే మొదట గరిటె పారేసిన అవ్వ వచ్చింది. నేను తినేది కాసేపు చూసింది.

"దెయ్యమో గియ్యమో నాకెందుకురా. టెంకాయ చిప్పతో కలబెట్టి చెయ్యి కాలతా ఉండాది. నా గరిటె నాకియ్యి."

ఇచ్చేశాడు. నేను లేచి కండువా దులుపుకున్నాను. కూర్చోమన్నాడు. ఆమెది ఆమె తీసుకుంది, అమ్మకం కాదు కదా అన్నాడు. అవ్వను చూసి మిగతావాళ్లూ వచ్చి ఎవరిది వాళ్లు పట్టుకుపోయారు. అవేవీ అమ్మకాలు కావు! పక్కవారం కలిగిరి నుంచి వచ్చిన ఒకామె, బేరమాడి మరీ, కొత్తది ఒకటి కొనేదాకా నేను సంకటి మింగుతూనే ఉన్నాను.

వాయిదా రోజున నష్టం పూడిందని ఆయన చెప్పాడు. మేజిస్ట్రేటు కేసు మూసేశాడు. తిరుగుబస్సులో ఏదన్నా కథ చెప్పమని వెనకనుంచి ఎవరో అడిగారు. పక్కన కూర్చున్నది గరిటెలాయనే. నేను ఆవులించడానికే నోరు తెరిచాను, ఒట్టు. ఆయన తల తిప్పి చూశాడు. మూసుకున్నాను.