బ్రేకు మాస్టారి ఎర్ర కారు

డ్రైవింగ్ నేర్పే మా బాబాయిని అందరూ బ్రేకు మాస్టారంటారు. జీవితమంతా పక్క సీట్లో కూర్చుని, తన కాళ్ల దగ్గర బిగించిన రెండో బ్రేకు తొక్కుతూ ఎందరి ప్రాణాలో కాపాడాడు. స్టీరింగు మాత్రం ఎప్పుడూ పరాయి చేతుల్లోనే.

అలాంటి మనిషి ఒక ఎర్ర స్పోర్ట్స్ కారు మీద మనసు పడ్డాడు. కొంటానని వెళ్తే డీలరు నవ్వాడు.

"ఇవి తయారుచేసేదే కొన్ని, మాస్టారూ. పాత ఖాతాదారులకే అమ్ముతాం. మీకైతే లీజుకిస్తాం, గడువయ్యాక తిరిగిచ్చేయాలి."

దానమిస్తున్నట్టు మాట్లాడాడు మహానుభావుడు!

"అరువు సొమ్ములు బరువు చేటు," అంది పిన్ని. ఆయన వింటేగా! లీజుకే తెచ్చాడు. ఇన్ని కిలోమీటర్లు దాటకూడదు, గీత పడకూడదు అని షరతులు. చంటిబిడ్డకు ఒళ్లు తుడిచినట్టు తుడిచాడే తప్ప తనివితీరా నడపలేదు.

గడువు ముగిసింది. కారు తీసుకెళ్లడానికి డీలరు మనిషి ఇంటికొచ్చాడు.

"ఇప్పుడైనా నాకు అమ్మండి బాబూ," అని బతిమాలాడు.

"ఎప్పుడో ఇంకొకాయన కొనేశారండీ," అంటూ అతను తాళాలు తీసుకుని స్టీరింగు ముందు కూర్చున్నాడు.

షోరూమ్ దాకా వస్తానని బాబాయి అలవాటుగా పక్క సీటెక్కాడు. కారు మా గేటు దాటుతుండగా ఆయన కాలు ముందుకు వెళ్లి బలంగా తొక్కింది.

అక్కడ బ్రేకు లేదు.